లావు స్పోకులు వేస్తే చక్రం గట్టిపడుతుందా?

మన కాలేజీలో ఈ-సైకిల్ ప్రాజెక్ట్ చేస్తున్న ఏ టీమ్‌నైనా అడగండి. మోటార్ ఎన్ని వాట్లు, బ్యాటరీ ఎన్ని వోల్టులు అన్నది టకటకా చెప్పేస్తారు. స్పోకులు ఏ గేజ్ అని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నిరుడు మేమూ అంతే. అందుకే ఇది రాస్తున్నాను.

మా బండికి వెనక చక్రంలో హబ్ మోటార్ పెట్టాం. మోటార్ బరువు, బ్యాటరీ బరువు, పైన మనిషి... కాబట్టి లావువే వేద్దామని 12 గేజ్ స్పోకులు, అంటే 2.6 మిల్లీమీటర్లవి, మామూలు సైకిల్ రిమ్ముకి వేయించాం. నెల తిరక్కుండా మూడు విరిగాయి. మూడూ మెడ దగ్గరే, హబ్ చిల్లులోంచి వంగి బయటికొచ్చే చోట. మూడోది విరిగిన రోజు రిమ్ము వంకరపోయి బ్రేకుకి పట్టేసింది. మావాడు కిందపడి మోకాళ్ళు చెక్కుకుపోయాయి. అయినా మేం తేల్చుకున్నదేంటంటే, ఇంకా లావువి వేయాలి!

సైకిల్ షాపు బాబాయ్ చక్రం తిప్పి, స్పోకుల్ని రెండేసి చొప్పున వేళ్ళతో నొక్కి చూశాడు. "ఇవి సన్నమై విరగలేదు బాబూ, వదులై విరిగాయి" అన్నాడు.

రూముకొచ్చి లెక్క వేస్తే ఆయన మాటే నిజం. చక్రం నేలకి ఆనిన చోట రిమ్ము కొంచెం లోపలికి నొక్కుకుంటుంది, అక్కడి స్పోకుల బిగువు తగ్గుతుంది. 26 అంగుళాల చక్రం కిలోమీటరుకి దాదాపు 480 సార్లు తిరుగుతుంది. అన్నిసార్లూ స్పోకు వదులై మళ్ళీ బిగిస్తే, తీగని అటూ ఇటూ వంచి తెంపినట్టే. ఫెటీగ్ అని పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నది దీని గురించే.

ఇక మనందరికీ కంఠతా వచ్చిన పీఎల్ బై ఏఈ. 200 మిల్లీమీటర్ల స్టీలు స్పోకుని 100 కిలోల బరువంత బలంతో లాగితే, 2.0 మిల్లీమీటర్లది సుమారు 0.32 మిల్లీమీటర్లు సాగుతుంది. 2.6ది 0.19 మాత్రమే. రిమ్ము 0.2 లోపలికి నొక్కుకుందనుకోండి, లావుది పూర్తిగా వదులైపోతుంది. సన్నదాంట్లో ఇంకా బిగువు మిగిలే ఉంటుంది.

లావుదాన్ని ఇంకా బిగించొచ్చుగా అంటారు. బిగించొచ్చు, రిమ్ము ఓర్చుకుంటే. పల్చని సైకిల్ రిమ్ము నిపుల్ చిల్లు దగ్గర పగులుతుంది. మోపెడ్ రిమ్ములాంటి మందపాటిది వాడితే 12 గేజ్‌కి అర్థముంది. సైకిల్ రిమ్ముకి అది దండగ.

కాబట్టి నా సలహా ఇది. డబుల్ వాల్ రిమ్ము తీసుకోండి, చిల్లుల సంఖ్య మోటార్‌దీ రిమ్ముదీ ఒకటే ఉండాలి. స్పోకులు 14 గేజ్, లేదంటే 13. మెడ దగ్గర లావుగా, నడుమ సన్నగా ఉండేవి దొరికితే ఇంకా మేలు. మోటార్ చిల్లు పెద్దదై స్పోకు తల ఆడుతుంటే కింద చిన్న వాషర్ వేయండి. మామూలు సైకిల్ లాగా మూడు క్రాసులు అల్లించొద్దు. మోటార్ అంచు వెడల్పు కాబట్టి స్పోకు మరీ ఏటవాలుగా వెళ్ళి నిపుల్ దగ్గర వంగుతుంది. ఒక్క క్రాస్ చాలు.

రివ్యూ ప్యానెల్‌లో కూర్చునే సార్లకీ మేడమ్‌లకీ ఒక మనవి. కంట్రోలర్ ప్రోగ్రామ్ గురించి పది ప్రశ్నలడిగే మీరు, చక్రం గురించి ఒక్కటైనా అడగండి. మార్కులుంటేనే మేం చదువుతాం, మీకు తెలియనిదేముంది!

మేం మళ్ళీ 14 గేజ్‌తో అల్లించాం. వారం తొక్కాక బాబాయ్ దగ్గరికి తీసుకెళ్ళి బెండు తీయించి, బిగువు సరిచేయించాం. సెమిస్టర్ అయ్యేదాకా ఒక్కటీ విరగలేదు. మీరు మాత్రం ఎవరి మోకాళ్ళూ చెక్కుకుపోకముందే ఆ షాపుకి వెళ్ళండి.