తిరిగే వస్తువు లేని భ్రమణం

కుమ్మరి చక్రం తిరుగుతున్నదంటే తిరిగే చక్రం కంటికి కనబడుతుంది. భూమి తిరుగుతున్నదంటే పర్వత సముద్రాలతో కూడిన గోళం తిరుగుతున్నదని అర్థం. మరి కృష్ణబిలం తిరుగుతున్నదన్నప్పుడు తిరిగేది ఏది? దానికి ఘనమైన ఉపరితలం లేదు. కాంతి సైతం తిరిగి రాలేని సరిహద్దు మాత్రమే ఉన్నది.

1963లో న్యూజిలాండ్ గణితవేత్త రాయ్ కెర్ ఐన్‌స్టీన్ సమీకరణాలకు సాధించిన పరిష్కారంలో దీనికి సమాధానం లభించింది. కూలిపోయిన నక్షత్రపు భ్రమణం కృష్ణబిలంలో కోణీయ ద్రవ్యవేగంగా నిలిచి, చుట్టూ ఉన్న దేశకాలాన్నే తన దిశలో ఈడ్చుకొనిపోతుంది. ఆ సరిహద్దుకు వెలుపల ఎర్గోస్ఫియర్ అనే ప్రాంతం ఉన్నది. అందులో ప్రవేశించిన వస్తువు బయటకు రావచ్చును గాని, ఎంతటి బలం ప్రయోగించినా దూరనక్షత్రాల దృష్ట్యా నిశ్చలంగా నిలువలేదు. ఇట్టి ఈడ్పు అతిస్వల్పంగా భూమి చుట్టూ కూడా ఉన్నదని, 2004లో ప్రయోగించిన గ్రావిటీ ప్రోబ్ బి ఉపగ్రహపు కొలతల ఫలితాలు 2011లో వెల్లడించాయి.

ఇట్టివి వినగానే "మన ఋషులు ఎన్నడో చెప్పినదే" అనడం ఆస్తికలోకంలో పరిపాటి అయినది. ద్రవ్యరాశి, కోణీయ ద్రవ్యవేగం, విద్యుదావేశం అనే మూడింటితోనే కృష్ణబిలాన్ని వర్ణింపవచ్చునని భౌతికశాస్త్రం చెబితే, వాటిని త్రిగుణాలతో ముడిపెట్టడానికి సిద్ధపడేవారున్నారు. సంఖ్యాసామ్యం ప్రమాణం కాజాలదు.

నిజానికి ఇక్కడ ఉన్నది సామ్యం కాదు, విరోధం. వైశేషిక దర్శనంలో కర్మ, అనగా చలనం, పరిమిత పరిమాణం గల మూర్తద్రవ్యాలకే చెందుతుంది. దిక్కు, కాలం, ఆకాశం విభువులు, నిష్క్రియాలు. కెర్ వర్ణనలోనో, దేశకాలమే భ్రమణానికి లోబడుతున్నది. ఇది ఆ దర్శనానికి బలమైన పూర్వపక్షం. పూర్వపక్షాన్ని దాని పూర్ణబలంతో నిలిపి విచారించడం భారతీయ దర్శనాల సంప్రదాయం. దానిని కప్పిపుచ్చి జయఘోష చేయడం కణాదమహర్షికి గౌరవం కాదు.

అద్వైత సాధకునికి ఈ చిక్కు లేదు. దేశకాలాలు దృశ్యకోటిలోనివే కనుక అవి వంగినా తిరిగినా సిద్ధాంతహాని కలుగదు. అయితే సిద్ధాంతానికి కొత్త బలమూ చేకూరదు. కృష్ణబిలం ఎంత అద్భుతమైనదైనా తెలియబడే వస్తువే. తెలిసికొనే చైతన్యం కాదు. దానిని గూర్చి గణితాన్ని, పరిశీలనను అడగాలి. ఆత్మను గూర్చి శ్రుతిని, విచారాన్ని ఆశ్రయించాలి. ఏ ప్రశ్నకు ఏది ప్రమాణమో గుర్తించడమే వివేకం.