పదో తరగతి తర్వాతి తెలుగు

పొద్దున పూట హైదరాబాద్ ఉత్తర శివారులోని సుచిత్ర చౌరస్తాలో నిలబడితే కాలేజీ బస్సుల వరుస తెగదు. కొంపల్లి మీదుగా మేడ్చల్ వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పొడవునా, పక్కనే దూలపల్లి, మైసమ్మగూడ, కండ్లకోయల్లో, శామీర్‌పేట వైపు నల్సార్, బిట్స్ దాకా ఎన్నో విద్యాసంస్థలున్నాయి. ఇన్ని వేలమంది చదువుకుంటున్న ఈ ప్రాంతం గురించి నెట్‌లో తెలుగులో వెతికితే ఎక్కువగా కనిపించేవి వెంచర్ల ప్రకటనలు, ఫ్లాట్ల ధరలు. ఇక్కడి విద్యార్థి రాసిన పేజీ దొరకడం కష్టం.

పిల్లలకు ఆసక్తి లేదని తీర్పు చెప్పి ఊరుకోవడం అన్యాయం. తెలంగాణ 2018లో చేసిన చట్టం బడుల్లో తెలుగును పదో తరగతి దాకా తప్పనిసరి చేసింది. పది దాటాక ఇంటర్మీడియెట్‌లో మార్కులు బాగా పడతాయని రెండో భాషగా సంస్కృతం తీసుకోవడం మామూలైపోయింది. సరిగ్గా సొంత అభిప్రాయాలు ఏర్పడే వయసులోనే తెలుగులో రాయడం ఆగిపోతోంది. అప్పటిదాకా రాసింది కూడా ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబే. తన ప్రశ్న తానే వేసుకొని, తన మాటల్లో జవాబు వెతుక్కునే చోటు విద్యార్థికి కావాలి. బ్లాగు అలాంటి చోటు. ఖర్చు లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

తెలుగులో ఈ దారి ఇదివరకే పడింది. ‘ఈమాట’ జాలపత్రిక 1998లో, తెలుగు వికీపీడియా 2003లో మొదలయ్యాయి. కీబోర్డు మీద తెలుగు టైపు చేయడమే పెద్ద పరీక్షగా ఉన్న రోజుల్లో బ్లాగరు వీవెన్ ‘లేఖిని’ని తయారుచేశారు. అందులో ఇంగ్లిషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలు తెర మీదికి వచ్చాయి. బ్లాగుల్లోని కొత్త రాతలన్నిటినీ ‘కూడలి’ ఒక్కచోట చూపించింది. హైదరాబాద్ బ్లాగర్లు యూసఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో కలుసుకొని రాతల గురించి, ఫాంట్ల గురించి మాట్లాడుకునేవారు. వారిలో చాలామంది సాహిత్యం చదువుకున్నవారు కారు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, గృహిణులు, విద్యార్థులు. రాస్తూ రాస్తూనే రచయితలయ్యారు. ఇప్పుడు దాదాపు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లోనూ తెలుగు కీబోర్డు ఉంది. చెబితే రాసిపెట్టే సదుపాయం కూడా ఉంది. పనిముట్లు లేవనే సాకు చెల్లదు.

మరి ఏం రాయాలి? దేశ రాజకీయాలతోనో జీవిత సత్యాలతోనో మొదలుపెట్టకండి. మీరు నిలబడిన చోటు నుంచి మొదలుపెట్టండి. ఒకప్పుడు ఈ మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం ద్రాక్ష తోటలకు పేరుమోసింది. హైదరాబాద్ పేరు మోసుకెళ్లిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పండిన నేల ఇది. ఆ పందిళ్ల కింద పనిచేసిన పెద్దవాళ్లు ఈ ఊళ్లలో ఇంకా ఉన్నారు. బోర్లు ఎప్పుడు ఎండాయి, తోట ఎందుకు తీసేశారు, ప్లాట్లు ఎలా వేశారు అని అడిగి రాయండి. 2020 అక్టోబరు వానలకు కొంపల్లి దగ్గరి ఫాక్స్‌సాగర్ చెరువు నిండి ఉమామహేశ్వర కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ఆ ఇళ్లవాళ్లు ఎక్కడ తలదాచుకున్నారో, తిరిగొచ్చి ఏం చూశారో అడగండి. హాస్టల్ మెస్, బస్ పాస్, వేరే జిల్లా నుంచి వచ్చిన రూమ్మేట్ యాస, ఫ్లైఓవర్ పనుల మధ్య రోడ్డు దాటడం — ఇవన్నీ రాయదగినవే.

రాసి నలుగురికీ కనబడేలా ఉంచకపోతే ఏమవుతుందో తెలంగాణకు బాగా తెలుసు. ఇక్కడ కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి 354 మంది కవులను అచ్చులో నిలబెట్టారు. కవులు అంతకు ముందూ ఉన్నారు. ఒక్కచోట కనబడేలా లేకపోవడం వల్లే లేరనగలిగారు. కొంపల్లి జ్ఞాపకాలకూ రేపు అదే గతి పట్టవచ్చు.

పద్ధతి గురించి నాలుగు మాటలు. మొదటి వ్యాసం మూడు వందల పదాలు దాటనక్కర్లేదు. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే రాయండి. కరీంనగర్ యాస అయినా, శ్రీకాకుళం యాస అయినా దాచుకోవద్దు. ఊరి పేరు, సంవత్సరం, ధర, దూరం సరిచూసుకొని వేయండి. ఎవరి మాటైనా వాడుకుంటే వారిని అడిగి వాడండి. ఇబ్బంది అనుకుంటే పేరు మార్చండి. ఇంకొకరి రాత ఎత్తి పెట్టడం, యంత్రం చేత రాయించి మీ పేరు పెట్టుకోవడం మీకే నష్టం. మీరు నేర్చుకోవలసిన పని ఇంకెవరో చేసినట్టు అవుతుంది. వారానికొకటి కుదరకపోతే నెలకొకటి రాయండి, మానకండి. లైకులు లెక్కపెట్టకండి, మనసుపెట్టి చదివే స్నేహితుడు ఒక్కడు చాలు. ప్రతి రాతకూ మీ దగ్గర ఒక నకలు ఉంచుకోండి. జనం తమ రాతలు పెట్టుకున్న జియోసిటీస్ 2009లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి. నకళ్లు దాచుకోని చాలామంది రాతలూ వాటితోనే పోయాయి.

అధ్యాపకులకూ ఒక మనవి. తెలుగు సబ్జెక్టు లేని కాలేజీలోనూ తెలుగులో రాసే పిల్లలు ఉంటారు. వారి రాత ఒకటి క్లాసులో చదివించండి, తప్పులు దిద్దండి, ఇంకోటి రాయమనండి. కాలేజీ పత్రిక ఏడాదికోసారి వస్తే గొప్ప. బ్లాగుకు ఆ ఎదురుచూపు లేదు.

విద్యార్థి మిత్రులారా, ఈ ఆదివారం మీ వీధిలో అందరికంటే పాత ఇంటికి వెళ్లండి. అక్కడి పెద్దవాళ్లను ఈ ఊరు ముందు ఎలా ఉండేదో అడగండి. విన్నది విన్నట్టు రాసి, తేదీ వేసి, మీ పేరుతో ప్రచురించండి.