తడి ఆపేది మనమే, చెదలకు మందు కొనేదీ మనమే

ఈ రోజు రాసేది కొంచెం ఘాటుగానే ఉంటుంది. ఓపిగ్గా చివరిదాకా చదవండి.

బోర్ల కింద వేసిన రబీ శనక్కాయ పీకే రోజులు దగ్గర పడ్డాయి. ఇప్పుడు ఏ ఊర్లో చూసినా రెండు పనులు జరుగుతున్నాయి. మొదటిది, "కాయ ఊరింది, ఇంక నీళ్లెందుకు దండగ" అని తడి ఆపేయడం. రెండోది, పది పదిహేను రోజులకు చెట్టు పీకి చూసి, కాయ మీద చెదలు కనపడగానే మందుల అంగడికి పరిగెత్తడం. ఈ రెండింటికీ సంబంధం లేదనుకుంటున్నాం. ఉంది. మనం ఎండబెట్టిన నేలలోకే చెదలు వస్తున్నాయి. ఒక తడికి వెనకాడి, దాని బదులు విషం కొంటున్నాం.

"ఆకు పచ్చగానే ఉంది గదా, చేను ఎండిందని ఎట్లా అంటావు?" అని అడుగుతారు. అక్కడే మోసపోతున్నాం. శనక్కాయ వేరు లోతుకు పోతుంది, కింద తేమ తాగి ఆకును పచ్చగా ఉంచుతుంది. కాయ ఉండేది మాత్రం పైన రెండు మూడు అంగుళాల మట్టిలో. ఎర్ర ఇసక నేలల్లో, ఎండ ముదిరే రోజుల్లో, ఆ పై మట్టి వారానికే పొడిబారుతుంది. చెట్టు పచ్చగా నిలబడే ఉంటుంది, కాయ మాత్రం వేడి మట్టిలో మాడుతుంది. ఆకును చూసి తడి నిర్ణయించకండి. చెట్టు పక్కన వేలు పెట్టి మట్టిని చూడండి.

ఆ పొడి మట్టిలో ఏం జరుగుతుందో చెప్తా. చెదలు కాయ మీద ఈనెల మధ్య ఉండే మెత్తని పొరను గీరి తింటాయి. పైకి వలలాగా ఈనెలు మాత్రం మిగులుతాయి. పెంకు బలం పోయి చిట్లుతుంది. ఆ చిట్లిన చోటు నుంచి బూజు లోపలికి పోతుంది. గింజలో తేమ ఉన్నన్నాళ్లు బూజును అడ్డుకునే శక్తి గింజకే ఉంటుంది. చివరి మూడు నాలుగు వారాలు నేల ఎండి, మట్టి వేడెక్కితే ఆ శక్తి తగ్గిపోతుంది. అప్పుడు పెరిగే పచ్చ బూజు వదిలే విషం పేరే అఫ్లటాక్సిన్.

ఇది పేరుకే రోగం అనుకోకండి. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయాయి. మేతలో కలిపిన శనగచెక్కే కారణమని తేలింది. ఈ విషాన్ని కనిపెట్టిందే అప్పుడు. 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు. అదీ ఈ విషమే. కాలేయాన్ని తింటుంది. ఉడికించినా, వేయించినా పూర్తిగా పోదు. నూనె ఆడిస్తే ఎక్కువ భాగం చెక్కలో మిగులుతుంది. ఆ చెక్క బర్రెకు పెడతాం, పాలలోకి వస్తుంది. ఆ పాలు తాగేది మన పిల్లలే. ఎక్కడో పట్నంలో ఉండేవాళ్ల సమస్య కాదిది.

ఇప్పుడు మందు సంగతి. ఒక్కటి ఆలోచించండి. టమాటా, వంకాయ మీద మందు పడితే కడుక్కోవచ్చు అనుకుంటాం. శనక్కాయ పెరిగేదే మట్టిలో. మనం మందు పోసేది కూడా ఆ మట్టిలోనే. పీకడానికి పదిహేను రోజులుందనగా మొదళ్లలో మందు పోయడమంటే కాయ మీద పోసినట్టే. పైగా అది బూజును చంపదు, చెదలు గీరిన కాయను బాగుచేయదు. ఇంకా కొంతమంది పాత అలవాటు కొద్దీ ఫోరేట్ గుళికలే కావాలని అడుగుతున్నారు. 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో దానికి నిషేధం ఉంది. ఎవరైనా చాటుగా ఇచ్చినా తీసుకోవద్దు. "ఒక తడి పెట్టు అన్నా" అని ఏ అంగడివాడూ చెప్పడు. తడికి కమీషన్ రాదు గదా.

ఇంకో మాట. మట్టిలో కదిలిందల్లా పురుగు, పురుగల్లా శత్రువు అనుకునే జబ్బు మనకు పట్టింది. తడి మట్టిలో దుమ్ములాగా ఎగిరే సన్న తెల్ల పురుగులు కుళ్లిన ఆకును, బూజును తింటాయి. చీమలు చెదలను ఎత్తుకుపోతాయి. జెర్రి చిన్న పురుగులను తింటుంది. వానపాము సంగతి చెప్పే పని లేదు. మందు పోస్తే వీటన్నిటికీ తగులుతుంది. పుట్ట లోతులో ఉన్న చెదలు మాత్రం మళ్లీ వస్తాయి.

"నీళ్లు పెడితే కాయ కుళ్లుతుంది, చేలోనే మొలకెత్తుతుంది" అంటారు. నిజమే, నిండా నిలబెడితే కుళ్లుతుంది. ముదిరినాక కూడా తడుపుతూ పోతే గుత్తి రకాలు మొలకెత్తుతాయి. నేను అడిగేది చెరువు చేయమని కాదు. పై మట్టి పొడిబారకుండా పలచగా తడి ఇవ్వమని. కాయ ముదిరిందో లేదో ఎట్లా తెలుస్తుంది? చేలో నాలుగైదు చోట్ల చెట్లు పీకి కాయలు ఒలిచి చూడండి. నూటికి డెబ్బై, డెబ్బై అయిదు కాయల్లో పెంకు లోపలి వైపు నల్లబడి ఉంటే ముదిరినట్టే. పీకడానికి 4 నుంచి 7 రోజుల ముందు ఆఖరి తడి ఇవ్వండి. చెట్టు సులువుగా వస్తుంది, కాయ మట్టిలో తెగిపోదు. కూలి కూడా కలిసొస్తుంది.

"బోర్లో నీళ్లే లేవు, నీ మాట ఎట్లా వినేది?" అనే అన్నలున్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు, రాత్రి కరెంటుకు మోటారు కాడికి పోయేవాడినే నేనూ. ఉన్న నీళ్లను చేనంతా చాలీచాలకుండా పారించే బదులు, సగానికి సరిగ్గా ఇవ్వండి. ఎండిన సగాన్ని కాయ ముదిరిన వెంటనే పీకేయండి. కొంచెం ముందైనా పర్వాలేదు. వానకో, కూలోళ్లకో చూస్తూ ముదిరిన కాయను పొడి నేలలో వదిలితే చెదలకు పిలిచి పెట్టినట్టే. ఆ రెండు సగాల కాయను కలపొద్దు.

చెదలకు అసలు పని విత్తే ముందే ఉంది. మాగని పేడ తోలితే చెదలను, వేరుపురుగును మనమే తోలుకున్నట్టు. వేసవి దుక్కి లోతుగా చేయాలి. పాత మొదళ్లు ఏరేయాలి. చెద పుట్ట ఉంటే రాణి దొరికేదాకా తవ్వాలి. విత్తనశుద్ధి చేయాలి. తొలకరి వానలకు సాయంత్రం పూట వేపచెట్ల మీద వాలే పెంకు పురుగులను కొమ్మలు ఊపి రాల్చి చంపితే వేరుపురుగు సగం పోయినట్టే. అప్పుడు చేయని పని చివరి నెలలో డబ్బాతో తీరదు.

పీకినాక కాయ పైకి, ఆకు కిందికి తిప్పి ఆరేయండి. ఊపితే గింజ గలగలమనాలి. తేమ 8, 9 శాతానికి దిగాలి. చెదలు గీరిన కాయ, చిట్లిన కాయ పక్కకు ఏరండి. వాటిని ఇంట్లో తినొద్దు, విత్తనానికి ఉంచొద్దు, చెక్కకు ఆడించి గొడ్లకు పెట్టొద్దు.

మండీలో ఈ జాగ్రత్తకు రూపాయి ఎక్కువ ఇవ్వరని నాకూ తెలుసు. ఇవ్వాలి, అడగాలి, ఆ పోరాటం వేరే. కానీ మన అటక మీది మూటలోని కాయకు ధర కట్టేది మండీ కాదు. రేపు పొద్దున చేలోకి పోయినప్పుడు వేలు పెట్టి చూడండి. మట్టి పొడిగా తగిలితే మోటారు వేయండి, అంగడికి పోవద్దు.