చిక్కనిదల్లా మంచి నూనె కాదు

"ఘర్షణను తగ్గించుటకు కందెనలు వాడుదురు" అని మీరు పరీక్షలో రాస్తారు. మేము మార్కులు వేస్తాము. ఏ కందెన, ఎందుకు అని మీరూ అడగరు, మేమూ చెప్పము. ఇది మన చదువులో పెద్ద లోటని నా అభిప్రాయం.

మా బోయినపల్లికి దగ్గరలోని సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. సాంచా ఇరుసు అరిగితే లేతు మీద సరిచేస్తారు. మరి ఆ లేతే అరిగితే?

ఒక షెడ్డులో పాత లేతు గేరుబాక్సు మూత తీసి చూశాను. లోపలంతా గ్రీజు దట్టించి ఉంది. "చిక్కగుంటే పళ్ళకు పట్టుకుంటది గద సారూ!" అన్నాడు టర్నరు. మాట సబబుగానే తోస్తుంది. కాని తిరిగే గేరు గ్రీజును పక్కకు నెట్టేస్తుంది. నెట్టిన గ్రీజు మళ్ళీ జారి రాదు. పళ్ళు ఎండిపోతాయి. ఇనుప రజను మాత్రం గ్రీజులో అతుక్కుని పళ్ళను సానబట్టినట్లు అరగదీస్తుంది.

1883లో ఇంగ్లండులో బోచాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగులను పరీక్షిస్తూ, నూనె పోయడానికి పైన రంధ్రం చేశాడు. ఇరుసు తిరగగానే నూనె ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది! చెక్క బిరడా బిగిస్తే దాన్నీ బయటికి తోసేసింది. అంటే తిరిగే ఇరుసే నూనెను సందులోకి లాక్కుని, ఆ పొర మీద తేలుతుందన్నమాట. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీన్ని గణితంతో వివరించాడు. సందు సన్నం, వేగం ఎక్కువ. అందుకే అక్కడికి పలుచని నూనె కావాలి. మరీ చిక్కని నూనె సులువుగా చేరదు, చిలికినకొద్దీ వేడెక్కుతుంది.

చాలా లేతులకు 68 గ్రేడు నూనె సరిపోతుంది. 40 డిగ్రీల సెల్సియస్ వద్ద దాని స్నిగ్ధత 68 సెంటీస్టోకులు. నీటిది ఒకటికన్నా తక్కువే. లారీ గేరు నూనెల్లో కొన్నింటిలో గంధక సమ్మేళనాలుంటాయి. వేడెక్కితే అవి కంచు బుష్షులను తినేస్తాయి. ఇక ఊరికే వస్తుందని వాడేసిన ఇంజను నూనె పోయడం నాకు బొత్తిగా నచ్చదు. కొత్తదైనా సరే, ఇంజను నూనె మురికిని తనలో తేలేట్టు ఉంచుతుంది. ఇంజనుకు వడపోత ఉంది. పాత లేతుకు తరచుగా ఉండదు.

సైకిలు గుండును కొబ్బరినూనెలో, ఆముదంలో వేసి, అడుగు చేరడానికి పట్టే కాలం కొలవండి. స్నిగ్ధత ఒక్క పీరియడులో అర్థమవుతుంది. ఇందుకు ప్రయోగశాల తాళం కూడా తీయనక్కరలేదు!

ఆ టర్నరు మోటారు ఆపి, గ్రీజంతా గీకి, కిరోసిన్‌తో కడిగి, గాజుకన్ను గీత దాకా కొత్త నూనె పోశాడు. కాని ఒక బుష్షు అప్పటికే అరిగిపోయింది. కొత్తది చేయడానికి లేతే కావాలి. పక్క షెడ్డువాళ్ళు చేసిచ్చేసరికి రెండు రోజులైంది. అతని కోసం సాంచాల ఇరుసులు అలాగే కాచుకుని ఉన్నాయి.