పెద్దాసుపత్రి జోకు

మొన్న ఆదివారం పాట్‌లక్‌లో పులిహోర అయిపోయి పెరుగన్నం దగ్గరకొచ్చేసరికి, మామూలుగానే హెల్త్ ఇన్సూరెన్సు మీద చర్చ మొదలైంది. "వైద్యం గవర్నమెంటు చేతిలో పెడితే మన ఊరి పెద్దాసుపత్రే గతి" అన్నాడో మిత్రుడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది.

ఎందుకంటే ఈ అమెరికాలోనే గవర్నమెంటు నడిపే ఆసుపత్రులున్నాయి. భవనాలు గవర్నమెంటువి, డాక్టర్లకి జీతమిచ్చేదీ గవర్నమెంటే. వీఏ అంటారు, మాజీ సైనికుల కోసం. సుమారు 90 లక్షల మంది అందులో నమోదై ఉన్నారు. మా పక్కింటి పెద్దాయన వాళ్ళలో ఒకరు.

ముందు నా సంగతి చెప్తాను. కన్సల్టెంటు బతుకు తెలిసిందే కదా, కంపెనీ మారితే ఇన్సూరెన్సూ మారుతుంది. మోకాలికి ఎమ్మారై తీయించుకున్న మూడు నెలలకి ఉద్యోగం మారాను. పాత డాక్టరు కొత్త నెట్‌వర్కులో లేరు. పాత స్కాను కొత్త డాక్టరుకి చేరలేదు. నాలుగుసార్లు ఫోను చేస్తే నాలుగుసార్లూ "పంపించేశాం" అన్నారు. చివరికి మళ్ళీ తీశారు. డిడక్టబులూ మళ్ళీ సున్నా నుంచే. మోకాలు ఒకటే, బిల్లులు రెండు! పొద్దస్తమానం డేటాబేసులు కలిపే పనిచేసే నేను, నా మోకాలి బొమ్మని పది మైళ్ళు దాటించలేకపోయాను.

పెద్దాయన వియత్నాం వెళ్ళొచ్చారు. ఇప్పుడు షుగరు. చలికాలం ఫ్లోరిడాలో కూతురి దగ్గరుంటారు. అక్కడి వీఏకి వెళ్తే ఇక్కడి రిపోర్టులన్నీ తెరమీద కనిపిస్తాయట. "అందులో వింతేముంది?" అని నన్నే అడిగారు.

వింతే మరి. విస్టా అనే సాఫ్ట్‌వేరుని వీఏ వాళ్ళు 1970ల చివర్నుంచి సొంతంగా రాసుకున్నారు, డాక్టర్లూ ప్రోగ్రామర్లూ పక్కపక్కన కూర్చుని. మాత్ర ఇచ్చేముందు బార్‌కోడు చదవాలన్న ఆలోచన కాన్సస్‌లోని టొపీకా వీఏ నర్సుది. అద్దెకారు వెనక్కిచ్చేటప్పుడు అలా చదవడం చూసి ఆవిడకి తట్టింది. 2005లో కత్రినా తుఫానుకి న్యూఆర్లియన్స్ మునిగినప్పుడు ఎంతోమంది రోగుల కాగితాలు నీళ్ళపాలయ్యాయి, వీఏ రోగుల రికార్డులు మాత్రం వేరే ఊళ్ళలో తెరుచుకున్నాయి.

"సాఫ్ట్‌వేరు సరే, వైద్యం మాటేమిటి?" అంటారా? 2004లో ర్యాండ్ పరిశోధకులు లెక్కేశారు. రోగికి అందాల్సిన వైద్యంలో వీఏలో 67 శాతం అందితే, బయట 51 శాతమే అందింది. మందుల ధరలు చూడండి. 2017లో మెడికేర్ పెట్టినదానికన్నా వీఏ సగటున 54 శాతం తక్కువకి కొన్నదని ప్రభుత్వ ఆడిట్ సంస్థే తేల్చింది. వీఏ బేరమాడుతుంది. మెడికేర్ బేరమాడకూడదని 2003లో చట్టమే చేశారు. కొన్ని మందులకైనా ఆ వీలు కల్పించడానికి 2022 దాకా పట్టింది.

"మరి ఫీనిక్స్?" అంటారు, నాకు తెలుసు. 2014లో అక్కడి వీఏలో అపాయింట్‌మెంట్ల జాబితాలు తారుమారు చేశారు. ఎదురుచూస్తూ చనిపోయినవాళ్ళున్నారు. అది నేరం, దాన్ని వెనకేసుకురాను. కానీ అది బయటపడింది, పార్లమెంటు నిలదీసింది, మంత్రి రాజీనామా చేశాడు. నా ఇన్సూరెన్సు కంపెనీ ఆపరేషన్‌కి అనుమతి నానబెడితే ఎవరు రాజీనామా చేస్తారు? ఇన్సూరెన్సే లేక డాక్టరు గుమ్మం తొక్కని మనిషి పేరు ఏ వెయిటింగ్ లిస్టులో ఉంటుంది?

అసలు కిటుకు టెక్నాలజీలో లేదు. వీఏకి ఆ పెద్దాయన చివరిదాకా తనవాడే. ఇవాళ షుగరు అదుపులో పెట్టకపోతే రేపు కాలు తీసేసే ఖర్చూ దానిదే. నా ఇన్సూరెన్సు కంపెనీకి నేను సత్రంలో దిగిన బాటసారిని. నాకు ఇరవయ్యేళ్ళ తర్వాత రాబోయే జబ్బు దాని ఖాతాలో పడదు. ఇక ముందుజాగ్రత్త మీద డబ్బెందుకు పెడుతుంది?

ఫీనిక్స్ తర్వాత మందేమిటంటే, 2014లోనూ 2018లోనూ చట్టాలు చేసి రోగుల్ని, వాళ్ళతోపాటే డబ్బునీ ప్రైవేటు వైపు ఎక్కువగా మళ్ళించారు. విస్టా స్థానంలో ప్రైవేటు సాఫ్ట్‌వేరుకి 2018లో వెయ్యి కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. 2020లో స్పోకేన్‌లో మొదలుపెట్టి, రోగుల ప్రాణాలమీదకే వచ్చే తప్పులు బయటపడటంతో 2023లో కొత్తచోట్ల పెట్టడం ఆపారు.

ఈ కథ మనకి తెలియనిదా? 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదవాడికి గుండె ఆపరేషన్ అందింది, కాదనను. కానీ సర్కారు డబ్బులో పెద్దవాటా కార్పొరేటు ఆసుపత్రులకి వెళ్ళింది. ఆ శ్రద్ధలో సగమైనా పెద్దాసుపత్రి మీద పెట్టి ఉంటే మా మిత్రుడి జోకు పేలేది కాదు.

పెద్దాసుపత్రి పాడైంది గవర్నమెంటుది కాబట్టి కాదండీ. మనలాంటి నోరున్నవాళ్ళం అక్కడికి వెళ్ళడం మానేశాం కాబట్టి. వచ్చే పాట్‌లక్‌లో ఈ మాట అంటాను. పెరుగన్నం దాకా ఆగను, పులిహోర దగ్గరే అంటాను.