భద్రతే తొలి పాఠం కావాలి

2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఎసెన్షియా ఔషధ కర్మాగారంలో సంభవించిన పేలుడు 17 మందిని బలిగొంది. అంతకు నాలుగేళ్ల ముందు, 2020 మే 7న విశాఖపట్నంలోని ఎల్‌జీ పాలిమర్స్‌ నుంచి వెలువడిన స్టైరీన్‌ ఆవిరి 12 మంది ఉసురు తీసింది. ఇటువంటి ఘోరాలు జరిగినప్పుడు యాజమాన్యాలను, తనిఖీ అధికారులను నిలదీయడం సమంజసమే. అయితే ఈ కర్మాగారాలకు ఏటా వెళ్తున్న రసాయనశాస్త్ర పట్టభద్రులకు మన విద్యాసంస్థలు భద్రత గురించి ఏమి నేర్పి పంపుతున్నాయన్నది కూడా అడగవలసిన ప్రశ్నే.

పేరెన్నికగన్న ప్రయోగశాలలు సైతం ప్రమాదాలకు అతీతం కావు. లాస్‌ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2008 డిసెంబరులో, గాలి సోకితే భగ్గుమనే టెర్షియరీ బ్యూటైల్‌ లిథియం చిమ్మి 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలి దుస్తులు అంటుకొన్నాయి. ఆమె ఒంటిపై ప్రయోగశాల కోటు లేదు. 18 రోజుల అనంతరం కన్నుమూసింది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 2018 డిసెంబరు 5న జరిగిన పేలుడు ఒక పరిశోధకుణ్ణి పొట్టన పెట్టుకొంది. డార్ట్‌మౌత్‌ కళాశాల ఆచార్యురాలు కరెన్‌ వెటర్‌హాన్‌ 1996లో చేతి తొడుగు ధరించే పనిచేశారు. అయినా దానిపై పడిన కొద్ది చుక్కల డైమిథైల్‌ మెర్క్యురీ రబ్బరు గుండా ఇంకి, మరుసటి ఏడాది ఆమె ప్రాణం తీసింది. తొడుగు ఉంటే చాలదు. ఏ రసాయనానికి ఏ తొడుగో తెలియాలి.

నీటిలో ఆమ్లాన్ని పోయాలే తప్ప ఆమ్లంలో నీరు పోయరాదన్న సూత్రం మన విద్యార్థులకు కంఠస్థమే. కొరవడుతున్నది జ్ఞానం కాదు, అలవాటు. మార్కులు రానిదేదీ మన చదువులలో నిలవదు. కనుక ప్రాక్టికల్‌ పరీక్షలో భద్రతకు విధిగా మార్కులు కేటాయించాలి. కళ్లద్దాలు, కోటు లేనివారిని లోనికి అనుమతించరాదు. ఆమ్లం మీద పడితే ఎంతసేపు కడగాలో, మంటలు రేగితే ఎటు పరుగెత్తాలో ముందే సాధన చేయించాలి.

భారమంతా విద్యార్థిపై మోపి చేతులు దులుపుకోవడమూ తగదు. విషవాయువులను బయటికి పంపే ఏర్పాటు, కళ్లు కడుగుకొనే కుళాయి, అగ్నిమాపక సాధనాలు లేని గదిలో ప్రయోగాలు చేయించడం నేరంతో సమానం. వీటికి నిధులు ఇవ్వవలసింది ప్రభుత్వం, యాజమాన్యాలు. ప్రయోగశాలలో అబ్బిన జాగ్రత్తే రేపు కర్మాగారంలో పదిమంది ప్రాణాలు కాపాడుతుంది.