చేవ్రాలు వెల - చరిత్ర విలువ

2023 వ సంవత్సరము మే మాసమున లండను నగరమున జరిగిన వేలములో టిప్పు సుల్తాను ఖడ్గమొకటి 1 కోటి 40 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయినది. 1799 లో శ్రీరంగపట్టణము పతనమైన పిమ్మట విజేతలు దానిని తమ సేనాని బెయిర్డునకు బహూకరించియుండిరి. ఖడ్గములకు పట్టిన యీ గతియే లేఖలకును పట్టుచున్నది. రాజుల ఫర్మానాలు, సేనానుల జాబులు, యుద్ధవీరులు చేవ్రాలు చేసిన పటములు, పతకములు, ప్రశంసాపత్రములు, ఇవన్నియు నేడు దేశదేశముల వేలముశాలలలో సరకులైనవి. ఒకప్పుడు కొలదిమంది శ్రీమంతుల వినోదముగా నుండిన యీ సేకరణము నేడు పెద్ద వర్తకమైనది. ఇందు మంచి యెంత, చెడుగెంత, మనవారు చేయదగినదేమి యను విషయమును చర్చించుట యావశ్యకమని మేము తలచుచున్నాము.

శాసనమునకును లేఖకును భేదము గలదు. శాసనము రాజు లోకమునకు చెప్పదలచినదానిని చెప్పును; లేఖ యాతడు లోకమునుండి దాచదలచినదానిని గూడ చెప్పును. దండుకు ధాన్యము చాలకున్నదనియు, జీతములు రాక సిపాయిలు గొణుగుచున్నారనియు, మిత్రుడనుకొన్నవాడు మాట తప్పెననియు విజయస్తంభముమీద నెవ్వరును చెక్కింపరు, జాబులో వ్రాయుదురు. ఈ సత్యమును గ్రహించినవారిలో మహారాష్ట్రుడగు విశ్వనాథ కాశీనాథ రాజవాడే అగ్రగణ్యుడు. ఆయన ఊరూర తిరిగి, పాతకుటుంబముల యిండ్లలో చెదలపాలగుచున్న దఫ్తరములను వెదకి తీసి, 1750 మొదలు 1761 లో పానిపట్టు యుద్ధము జరుగువరకు గల కాలపు లేఖలను 1898 లో ప్రథమ సంపుటముగా ప్రకటించెను. అట్టి సంపుటములు మొత్తము 22 వెలువడినవి. 1910 లో పూనా నగరమున భారత ఇతిహాస సంశోధక మండలమును స్థాపించినవాడును ఆయనయే. పరులు వ్రాసిన చరిత్రమే మన చరిత్రమని యొప్పుకొనవలసిన దుర్గతి మహారాష్ట్రులకు చాలవరకు తప్పినదన్న, అది యీ జాబులను కాపాడిన పుణ్యమే.

మన తెలుగుదేశమునను ఇట్టి కృషి జరుగకపోలేదు. మెకంజీ దొర పేరుతో ప్రసిద్ధి కెక్కిన లిఖితసంపుటములకై గ్రామగ్రామమున కరణములను, పెద్దలను ప్రశ్నించి, కైఫీయతులను సేకరించినవారిలో కావలి బొర్రయ్య, లక్ష్మయ్య ప్రభృతులు ముఖ్యులు. 1821 లో మెకంజీ మరణించిన పిమ్మట కంపెనీవారు ఆ సంపుటములను ఆయన భార్యకు లక్ష రూపాయలిచ్చి కొనిరి. శ్రమ మనవారిది, పేరు దొరగారిది. అయినను ఆ శ్రమ ఫలితము చెదరక యొకచోట నిలిచినందుననే నేటికిని మన గ్రామచరిత్రలు కొన్ని తెలియుచున్నవి.

ఇది చరిత్రను గోరు సేకరణము. చేవ్రాలును మాత్రమే గోరు సేకరణము వేరు. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపాలోను అమెరికాలోను ఒక దురాచారము ప్రబలెను. ప్రసిద్ధపురుషుని జాబు దొరకినచో, అడుగున నున్న సంతకమును కత్తెరతో కత్తిరించి పుస్తకమున నంటించుకొని, తక్కిన కాగితమును పారవేయుచుండిరి. పండు నవతల పారవేసి తొడిమను దాచుకొనుట యనగా నిదియే. నేడు కత్తెర పోయినను ఆ బుద్ధి పోలేదు. ఒక కుటుంబమువారి జాబుల కట్టను విడదీసి, పేరుపొందినవాని జాబును ఒకరికి, తక్కినవానిని పదిమందికి అమ్మినచో, ప్రశ్న యొక ఖండమునను ప్రత్యుత్తరము వేరొక ఖండమునను పడియుండును.

ఇక కపటలేఖల మాట. దస్తూరి పోలికయే ప్రమాణమని సామాన్యులు నమ్ముదురు. ఆంగ్ల నౌకాసేనాని నెల్సను 1797 జులైలో టెనెరిఫ్ ద్వీపముపై జరిపిన దాడిలో కుడిచేతిని పోగొట్టుకొనెను. అటుపిమ్మట నెడమచేతితో వ్రాయ నేర్చుకొనెను. కావున ఆ దినమునకు ముందు తేదీ వేసి, ఎడమచేతి వ్రాతతో నుండిన నెల్సను జాబు తన కపటమును తానే చాటుకొనును. మన మహాత్ముని ఉదాహరణ మింతకంటె విచిత్రము. 1909 లో ఓడపై ప్రయాణము చేయుచు 'హింద్ స్వరాజ్' గ్రంథమును వ్రాయునపుడు, కుడిచేయి యలసిపోగా, 275 పుటలలో సుమారు 40 పుటలను ఎడమచేతితో వ్రాసెను. ఒకే గ్రంథము, ఒకే రచయిత, రెండు దస్తూరులు! వ్రాసినవాని జీవితము నెరుగనివాడు వ్రాతను పరీక్షింపజాలడనుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఒకప్పుడు నిపుణులు గూడ మోసపోవుదురు. 1983 లో జర్మనీ దేశమున 'స్టెర్న్' పత్రికవారు హిట్లరు దినచర్య యని చెప్పబడిన సంపుటములను 90 లక్షల మార్కులకు పైగా వెచ్చించి కొనిరి. దస్తూరి సరిపోయినదని పరీక్షకులు చెప్పిరి. కాని సరిపోల్చుటకై వారికిచ్చిన మాదిరులలోనే ఆ కపటలేఖకుడు కుజావు వ్రాసినవి కలిసియుండెను! తుదకు కాగితమున కలిపిన తెలుపుమందు యుద్ధానంతరకాలపుదని తేలి గుట్టు బయటపడినది. కావున కాగితము, సిరా, దస్తూరి, సంగతుల పొందిక, చేతులు మారిన వరుస, ఈ యైదింటిని కలిపి పరీక్షింపవలెనే గాని యొకదానిని మాత్రమే నమ్మరాదు.

అంతకంటె గంభీరమైన గుణపాఠము ఫ్రాన్సు దేశమున గలదు. మిషెల్ షాల్ యను గణితశాస్త్రజ్ఞుడు గొప్ప పండితుడు. వ్రాన్ లూకా యను వాడు ఆయనకు 27 వేలకు పైగా లేఖల నమ్మెను. వానిలో క్లియోపాత్రా జాబులు, అలెగ్జాండరు జాబులు గూడ నుండెను. అవి యన్నియు ఫ్రెంచి భాషలోనే! ఇంతటి వింతను ఆ పండితుడేల నమ్మెను? ఆ కట్టలలోని కొన్ని జాబులు ఆకర్షణసిద్ధాంతమును న్యూటను కంటె ముందు ఫ్రెంచివాడగు పాస్కలు కనుగొనెనని చెప్పుచుండెను. తన దేశమునకు ఘనత తెచ్చు సాక్ష్యమును పరీక్షించుటకు ఆయన మనస్సొప్పలేదు. 1867 లో వానిని ఫ్రెంచి విజ్ఞానపరిషత్తునకు సగర్వముగా సమర్పించెను, తుదకు నవ్వులపాలయ్యెను. 1870 లో లూకాకు రెండు సంవత్సరముల చెరసాల విధింపబడినది. దేశాభిమానులగు మనము ఈ కథను మరువరాదు. మన వీరుల జాబనిన చాలును, కన్నులకద్దుకొనుటకు మన మాతురపడుదుము. ప్రియమైన సాక్ష్యమునే ముందుగా శంకింపవలెను. అబద్ధపు జాబుపై నిలిపిన ఘనత ఆ జాబుతోనే కూలును. కూలుచు నిజమైన ఘనతను గూడ సందేహమున పడవేయును.

మరియొక మాట. వేలమున వెల సేనాని పేరునకే గాని సిపాయి గోడునకు గాదు. 1914 లో మొదలైన మహాయుద్ధమున పది లక్షలకు మించిన భారతీయసైనికులు సముద్రములు దాటి పోరాడిరి. ఫ్రాన్సునుండి వారు తమ యిండ్లకు పంపిన జాబులను దొరతనమువారు విప్పి చదివించి, వానిలోని భాగములను ఆంగ్లీకరింపించిరి. ఆ భాగములు నేడు లండనులోని బ్రిటిష్ గ్రంథాలయమున నున్నవి. ఆ సిపాయిలలో పలువురు నిరక్షరులు. ఒకరు చెప్ప నొకరు వ్రాసిరి. అందు సేకరించుటకు ప్రసిద్ధమైన చేవ్రాలు లేదు. కాని చలిలో, బురదలో నిలిచి పోరాడిన పేదరైతు మనస్సేమనుకొనెనో తెలుపునవి యవియే. నిఘాకై చేసిన ఆంగ్లపు నకళ్లు నిలిచి, తల్లిచేతికి చేరిన మూలములు పెక్కు నశించుట మన యజాగ్రత్తకు గుర్తు.

సేకరించువారు కొనకున్నచో ఈ లేఖలెన్నడో పొట్లములకు పోయెడివిగదా యని కొందరందురు. ఇది నిజమే. ధనము వెచ్చించి కాపాడినవారికి దేశము కృతజ్ఞత చూపవలసినదే. కాని కాపాడుట వేరు, ఇనుపపెట్టెలో దాచి వెల పెరుగువరకు వేచియుండుట వేరు. 2012 లో గాంధీ-కాలెన్‌బాకుల లేఖాదులను లండనులో వేలము వేయనుండగా, మన ప్రభుత్వమువారు సుమారు 7 లక్షల పౌండ్లిచ్చి మొత్తముగా కొని, ఢిల్లీలోని జాతీయ దస్తావేజుశాలకు చేర్చిరి. కట్ట విడిపోకుండ వచ్చినందుకు మేము సంతసించితిమి. అయినను గంట మ్రోగబోవువేళ పరుగెత్తుట విధానము కానేరదు. 1972 నాటి పురావస్తుచట్టము ప్రకారము 75 సంవత్సరములు దాటిన చారిత్రకలేఖలను స్వంతముగా విదేశములకు తరలించుట నేరము. చట్టమున్నది, కాని యే యింట నేమున్నదో తెలియక చట్టము కాపాడునదేమి? జిల్లా జిల్లాకు లేఖల పరిశీలన జరిపి, యజమానుల స్వామ్యమునకు భంగము లేకుండ నకళ్లు తీసి పట్టికలు ప్రకటించుట ప్రభుత్వముల తక్షణకర్తవ్యము.

అంతవరకు మన పాఠకులు చేయదగినది లేకపోలేదు. పాతయిండ్ల భోషాణములలో సనదులు, కౌళ్లు, తాకీదులు, యుద్ధమునకు పోయిన తాతల జాబులు నేటికిని గలవు. వానిని ఎండకు, తేమకు దూరముగా నుంచుడు. చిరిగినచోట జిగురుపట్టీలు అంటింపకుడు. జాబును దాని కవరునుండి, కట్టను దాని వరుసనుండి వేరుచేయకుడు. ఎవరిది, ఎవరికి వ్రాసినది, మీ యింటికెట్లు వచ్చినది యను సంగతిని పెద్దలు జీవించియుండగనే వేరు కాగితమున వ్రాసి పెట్టుడు. విక్రయింపక తప్పనిచో ముందుగా నకలు తీసి దస్తావేజుశాలకు తెలుపుడు. కట్టను కట్టగానే విక్రయింపుడు.

తాతలు మనకిచ్చిన భూమిని సెంటు వదలక సర్వేరాళ్లు పాతి కాపాడుకొనుచున్నాము. వారు వ్రాసిన మాటను కూడ అంతటి శ్రద్ధతో కాపాడుకొందుముగాక! భూమి చేతులు మారినను ఎక్కడికిని పోదు. జాబు ఒకసారి పోయిన మరల రాదు.